పెళ్ళికి ఎన్ని రోజులుంది? కాళ్ళకి ఏం చేయించాలో దాన్ని బట్టే

మా తమ్ముడి పెళ్ళి మాఘమాసంలో, విజయనగరంలోనే జరిగింది. ఆడపడుచుని కదా, కాళ్ళు కాస్త చూడముచ్చటగా ఉండాలనిపించింది. రోజంతా స్కూల్లో నిలబడి పాఠాలు చెప్పే కాళ్ళవి. పైగా నేను వేసేది వెనక పట్టీ లేని చెప్పులు. మడమలు ఎండిన చెరువులో మట్టిలా నెర్రెలు విచ్చి ఉన్నాయి. పెళ్ళి ఐదు రోజులుందనగా ఆన్‌లైన్‌లో తెప్పించిన ఫుట్ పీల్ మాస్క్ వేసుకున్నాను. ప్లాస్టిక్ సాక్సుల్లాంటివి, లోపల ఏదో జిగురు ద్రవం. గంటసేపు తొడుక్కుని కూర్చుని కడిగేసుకున్నాను. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. మూడో రోజు కూడా కాళ్ళు ఎప్పటిలాగే ఉంటే, డబ్బులు దండగ అని తిట్టుకుని మర్చిపోయాను.

పెళ్ళిరోజు తెల్లవారుజామున స్నానాలయ్యాక, పారాణి పెడదామని అమ్మ నా కాలు ఒళ్ళోకి తీసుకుంది. "ఓలమ్మా, ఇదేటే! తోలు ఊడిపోతన్నాది!" అంది. పాత గోడకి సున్నం రేగినట్టు వేళ్ళ కిందనుంచి మడమదాకా పొరలు లేచాయి. పారాణి ఆ పొరలకే అంటింది. అవి ఊడినచోట కింద తెల్లగా మిగిలింది. ఆ రోజు ఏ ఫోటోలో చూసినా నా చీర కుచ్చిళ్ళు నేలమీద జీరాడుతూ ఉంటాయి.

మాస్క్ తప్పేమీ లేదు. పొట్టు లేవడం నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య మొదలవుతుందని పెట్టె మీద రాసే ఉంది. చదవనిది నేను. నీళ్ళలో నానితే ఇంకా వేగంగా లేస్తుంది కాబట్టి ఆ రోజు రెండుసార్లు చేసిన స్నానం కూడా తోడైంది. అప్పటినుంచి ఎవరైనా "కాళ్ళకి ఏం చేయిస్తే బాగుంటుంది?" అని అడిగితే, నేను ముందు "ఎన్ని రోజులుంది?" అని అడుగుతున్నాను. ఏది మంచిది, ఏది ఖరీదైనది అన్నది ఆ తర్వాతి మాట.

ముందు కాలు చూడండి

పగటి వెలుతురులో, వీధి గుమ్మం దగ్గర కూర్చుని అరికాలు తిప్పి చూసుకోండి. "కాళ్ళు బాగాలేవు" అనే ఒక్క మాట కింద నాలుగైదు వేరువేరు సంగతులు ఉంటాయి. మడమ ఎండి పగలడం ఒకటి. తోలు మందం కట్టడం, ఆనెకాయలు ఒకటి. చెప్పుల పట్టీ గుర్తులు, నలుపు మరొకటి. గోళ్ళు పచ్చబడటం, వేళ్ళ సందులు పాచిపోవడం మరో రెండు. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. నేను చూసినంతలో జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పచ్చబడిన గోరుకి పెడిక్యూర్, దురదపెట్టే పగుళ్ళకి వాజలిన్, ఎండకి కమిలిన తోలుకి రాయి. చేయించుకున్న మనిషి నెలకోసారి మళ్ళీ వెళ్తూనే ఉంటుంది.

మడమలు ఎందుకు పగులుతాయో తెలిస్తే ఎంచుకోవడం తేలిక. అరికాలి తోలులో నూనె గ్రంథులు ఉండవు, చెమట గ్రంథులు మాత్రమే ఉంటాయి. ముఖానికి వచ్చినట్టు జిడ్డు అక్కడికి రాదు. పైగా ఒంట్లో అన్నిటికన్నా మందమైన తోలు అదే. నిలబడినప్పుడు మడమ కింది కొవ్వు మెత్త పక్కలకి నొక్కుకుంటుంది. వెనక ఆధారం లేని చెప్పులైతే దాన్ని ఆపేదేమీ ఉండదు. ఎండిన తోలు సాగలేక అంచున చీలుతుంది. పుష్య, మాఘాల్లో గాలి పొడిబారడం, వేడినీళ్ళ స్నానం, గట్టి టైల్స్ నేల, ఇవన్నీ కలిసొస్తాయి. అందుకే మా స్టాఫ్ రూములో సంక్రాంతి దాటాక అందరి మడమలూ ఒకేలా ఉంటాయి.

కార్తీకం నుంచి అయ్యప్ప మాల వేసుకుని మండలం రోజులు చెప్పుల్లేకుండా తిరిగే మగవాళ్ళకి కూడా ఇదే బాధ. వాళ్ళు ఎవరికీ చెప్పుకోరు, అంతే.

ట్యూబు, నూనె, రాయి

నెలరోజుల వ్యవధి ఉన్నవాళ్ళకి నా మొదటి ఓటు మందుల షాపులో దొరికే యూరియా క్రీముకి. ఈ మాట చెప్పినప్పుడు అమ్మ నన్ను అనుమానంగా చూసింది. "వరికి జల్లేదా? కాళ్ళకేటే అది?" అంది. పదార్థం అదే. మన తోలులో తడిని పట్టి ఉంచే సహజ పదార్థాల్లో యూరియా కూడా ఒకటి. కాకపోతే ట్యూబులో ఉండేది శుద్ధి చేసి, కొలత ప్రకారం కలిపినది. పొలం బస్తాలోంచి గుప్పెడు తీసి కొబ్బరినూనెలో కలిపే ప్రయోగాలు వద్దు.

ట్యూబు మీద బొమ్మ కాకుండా శాతం చూడండి. మామూలు పొడితనానికి 10 శాతం చాలు. మడమలు మందంగా ఉండి పగుళ్ళు కనిపిస్తుంటే 20, 25 శాతం. 40 శాతం అనేది బాగా గట్టిపడిన ఆనెలకీ, మందమైన గోళ్ళకీ. అది చర్మం డాక్టర్ చెబితే వాడేది. కొన్ని మడమ క్రీముల్లో యూరియాతోపాటు లాక్టిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం ఉంటాయి. సాలిసిలిక్ ఆమ్లం 6 శాతం అలా ఉన్నది మందమైన తోలుని కరిగించడానికి బాగా పనిచేస్తుంది. కానీ రక్తం కనిపించేంత లోతు పగులు మీద యూరియా అయినా ఆమ్లమైనా రాస్తే మంట నషాళానికంటుతుంది. అలాంటప్పుడు నాలుగైదు రోజులు వట్టి వాజలిన్ రాసి, చీలిక మూసుకున్నాక క్రీముకి మారండి.

రాయడంలో కూడా తేడా ఉంది. స్నానం చేసి కాళ్ళు ఒత్తుకున్నాక, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే రాయాలి. తోలు పూర్తిగా ఆరాక రాస్తే సగం పని వృథా. రాత్రి మళ్ళీ రాసి నూలు సాక్సులు తొడుక్కోండి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయొద్దు, అక్కడ తడి నిలిస్తే పాచిపోతుంది. ఇలా మూడు నాలుగు వారాలు చేస్తే వచ్చే మార్పు ఏ పార్లర్ పెడిక్యూర్‌తోనూ రాదని నా అనుభవం. నాకు ఒక ట్యూబు ఖర్చు పార్లర్‌లో ఒకసారి కట్టే దానిలో సగం కూడా కాలేదు. చేయలేకపోయేది ఒక్కటే, మూడు రోజులు రాసి నాలుగో రోజు మానేయకుండా ఉండటం.

మరి ఇంట్లో ఉన్న నూనెలు? కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం, వెన్నపూస, అన్నీ చేసేది దాదాపు ఒకే పని. తోలులో ఉన్న తడి పైకి పోకుండా మూత వేస్తాయి. మందమైన తోలుని పల్చన చేయవు. కాబట్టి పగుళ్ళు ఇంకా రానివాళ్ళకి, చిన్నపిల్లలకి, రోజూ రాసుకునే అలవాటున్నవాళ్ళకి నూనె చాలు. అందులో ఆముదం చిక్కగా ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు నిలుస్తుంది. వాజలిన్ ఇంకా ఎక్కువసేపు. నూనెకాళ్ళతో వట్టి నేలమీద తిరిగితే దుమ్మంతా పగుళ్ళలోకి చేరి ఇంకా నల్లగా కనబడతాయి. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో టైల్స్ మీద జారి పడే భయం కూడా ఉంది. రాసుకుంటే సాక్సులు తప్పనిసరి.

కొవ్వొత్తి మైనం ఆవనూనెలో కరిగించి పోసే చిట్కా వీడియోల్లో తెగ తిరుగుతోంది. అది చేసేదీ వాజలిన్ పనే, అదనంగా చేయి కాలే అవకాశం. నిమ్మచెక్క, పంచదార రుద్దే చిట్కా మీద నాకు మరీ కోపం. నిమ్మరసం తగిలిన తోలు మీద ఎండ పడితే నల్లటి మచ్చలు, ఒక్కోసారి బొబ్బలు కూడా వస్తాయి. నలుపు పోగొట్టుకుందామని రుద్దుకుని నలుపు కొనితెచ్చుకున్నట్టవుతుంది.

ఇక రాయి. మా అమ్మమ్మ ఊళ్ళో నూతి గట్టు మీద ఒక గరుకు బండ ఉండేది. ఊడుపుల రోజుల్లో బురదకాళ్ళు కడిగి అందరూ దానిమీదే రాసుకునేవారు. ప్యూమిస్ రాయి దానికి తమ్ముడు. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, తడి తోలు మీద మెల్లగా, వారానికి రెండుసార్లు. అంతకన్నా వద్దు. గట్టిగా గీకితే తోలు దెబ్బ తగిలిందనుకుని ఇంకా మందం కడుతుంది. లోహపు రాస్ప్ (ఆకురాయి లాంటిది), కరెంటు రోలరు వేగంగా పనిచేస్తాయి. కానీ ఎక్కడ ఆపాలో చేతికి తెలియదు, అరిగిపోయాక మంట చెబుతుంది. బ్లేడుతో కోసే పనిముట్టు మాత్రం ఇంట్లో ఉండకూడని వస్తువు. పార్లర్‌లో ఎవరైనా దాన్ని బయటకి తీస్తే కాలు వెనక్కి తీసుకోండి.

ఇంకో మాట. మీరు సింహాచలం గిరి ప్రదక్షిణకో, సిరిమానోత్సవంనాడు చెప్పుల్లేకుండా తిరగడానికో వెళ్ళబోతుంటే, ఆ వారంలో మడమలు గీకకండి. గిరి ప్రదక్షిణ దాదాపు 32 కిలోమీటర్లు. ఆ మందమైన తోలే ఆ రోజు మీ చెప్పు. అందంగా పల్చన చేసుకుని నడిస్తే సగం దారిలోనే బొబ్బలు.

పార్లర్ ఎప్పుడు?

రెండు మూడు రోజుల్లో పెళ్ళి ఉంటే పెడిక్యూర్ సరైన ఎంపిక. ఏం చేస్తారు అక్కడ? నానబెడతారు, గోళ్ళు కత్తిరిస్తారు, రాయి పెడతారు, స్క్రబ్, ప్యాక్, మసాజ్, చివర రంగు. ఆ రోజు కాళ్ళు నిజంగానే మెరుస్తాయి. వారం, పది రోజులకి ఎప్పటి స్థితికి వస్తాయి. అది వాళ్ళ లోపం కాదు, పైపొర పనికి అంతే ఆయుష్షు.

రేట్ల బోర్డులో మామూలు పెడిక్యూర్ కింద స్పా, క్రిస్టల్, ఐస్‌క్రీమ్, చాక్లెట్ అని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ధర కూడా ఎక్కుతుంది. మామూలుదానికీ, ఖరీదైనదానికీ నేను కూర్చున్నాను. తేడా వాసనలో, మసాజ్ చేసే నిమిషాల్లో ఉంది. కాళ్ళు కనిపించే తీరులో నాకు కనపడలేదు. ఒళ్ళు నొప్పులు తీరాలనుకుంటే ఖరీదైనది చేయించుకోండి. ఫోటో కోసమైతే మామూలుది చాలు.

పార్లర్ పేరుకన్నా పనిముట్ల సంగతి ముఖ్యం. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకే ఒక్క సెలూన్‌లో కాళ్ళు నానబెట్టుకున్న 100 మందికి పైగా మనుషులకి పిక్కల మీద మానని పుళ్ళు లేచాయి. టబ్బులో నీళ్ళు తిప్పే గొట్టాల జాలీ వెనక పేరుకున్న వెంట్రుకలు, మురికిలో ఒక రకం బాక్టీరియా పెరిగింది. ముందురోజు కాళ్ళ మీద వెంట్రుకలు గీయించుకున్నవాళ్ళకి ముప్పు ఎక్కువైందని తేలింది. కాబట్టి వాక్సింగ్, షేవింగ్ పెడిక్యూర్ తర్వాత పెట్టుకోండి. గొట్టాలున్న టబ్బుకన్నా వట్టి బేసిను మేలు, అందులోనూ కొత్త ప్లాస్టిక్ కవరు వేస్తే ఇంకా మేలు. నీలం లైటు పెట్టెలో పనిముట్లు పెట్టి చూపిస్తారు. అది సూక్ష్మజీవుల్ని పూర్తిగా చంపదు, ఆటోక్లేవ్ చేయాలి, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరిలో శుద్ధి చేయాలి. ఆ మాట అడిగితే మన ఊళ్ళలో చాలాచోట్ల మొహం తేలేస్తారు. నేను నా గోళ్ళు కత్తిరించేది, రాయి, ఫైలు సంచిలో పెట్టుకుని వెళ్తాను. మొదట్లో ఆ అమ్మాయి నవ్వింది. ఇప్పుడు తానే "కిట్ తెచ్చారా మేడం?" అని అడుగుతోంది. గోరు మొదట్లో ఉండే సన్నని తోలు కత్తిరించనివ్వకండి. అది గోరుకి కాపలా, తీస్తే గోరుచుట్టు వస్తుంది.

విశాఖ మాల్‌కి వెళ్ళినప్పుడు పిల్లలు చేపల పెడిక్యూర్ దగ్గర ఆగిపోతారు. గార్రా రూఫా అనే చేపలు మెత్తబడిన తోలు కొరుకుతాయి. గిలిగింతలకి సరదాగా ఉంటుంది. కానీ మనిషికీ మనిషికీ మధ్య చేపని శుద్ధి చేసే దారే లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇందుకే నిషేధించాయి. చూసి రండి, కాలు పెట్టకండి.

ఫుట్ మాస్క్, నలుపు, "తెల్లబరిచే" క్రీములు

నా పాలిట శత్రువైన ఆ మాస్క్ గురించి న్యాయంగా చెప్పాలంటే, పగుళ్ళు లేకుండా అరికాలంతా గరుకుగా, మందంగా ఉన్నవాళ్ళకి అది మంచి వస్తువే. గ్లైకోలిక్, లాక్టిక్, సాలిసిలిక్ లాంటి ఆమ్లాలు చచ్చిన తోలు పొరల మధ్య బంధాన్ని వదిలిస్తాయి. పొట్టు పూర్తిగా రాలడానికి రెండు వారాలు పట్టొచ్చు. కాబట్టి ఫంక్షన్‌కి మూడు వారాల ముందు వేసుకోవాలి. లేస్తున్న పొరల్ని చేత్తో పీకకూడదు. ఆ తర్వాత కొన్నాళ్ళు పాదాలకి ఎండ తగలకుండా చూసుకోవాలి. రక్తం కనిపించే పగుళ్ళు, పుళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు అసలు వాడొద్దు. గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే.

నలుపు సంగతికి వస్తే, చెప్పుల పట్టీ గుర్తులు ఎండ వల్ల వచ్చినవే. డీ-ట్యాన్ ప్యాక్ ఆ పూటకి కాస్త కాంతి తెస్తుంది. బ్లీచ్ వెంట్రుకల రంగుని మారుస్తుంది, తోలుని కాదు. నిజంగా తగ్గాలంటే ముఖానికి రాసే సన్‌స్క్రీన్ పాదాల పైభాగానికీ రాయాలి, ఆరేడు వారాలు ఓపిక పట్టాలి. స్కూటీ మీద వెళ్ళేవాళ్ళకి పల్చని సాక్సులు ఇంకా చవక. బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటున్నవాళ్ళకి చీలమండ పక్కన నల్లటి గట్టి మచ్చ ఉంటుంది. అది ఒరిపిడి మచ్చ. కింద దిండో దుప్పటో వేసుకుంటే మెల్లగా తగ్గుతుంది, ఏ ప్యాకుకీ తగ్గదు. చీలమండ పైన తోలు గోధుమరంగుకి మారి, నరాలు ఉబ్బి కనిపిస్తే అది రక్తనాళాల సంగతి. పార్లర్‌కి సంబంధం లేదు.

పాదాలు తెల్లగా చేస్తామనే ట్యూబుల్లో కొన్నిట్లో బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. వారంలో తేడా కనిపిస్తుంది, అందుకే జనం నమ్ముతారు. నెలలు వాడితే తోలు కాగితంలా పల్చబడుతుంది. కింద ఫంగస్ ఉంటే బయటకి కనపడకుండా పాకిపోతుంది. ట్యూబు వెనక ఆ పేర్లుంటే పక్కన పెట్టేయండి. స్కిన్ క్లినిక్‌లో పాదాలకి కెమికల్ పీల్ కూడా చేస్తారు. అది ఒక్క సిట్టింగ్‌తో తేలేది కాదు. మన కాళ్ళ అసలు రంగు ఎంతో అంతకన్నా తెల్లబడటానికి అన్ని వేలు పెట్టడం నాకైతే మనసొప్పదు. డబ్బు మీది.

గోళ్ళకి పార్లర్ కాదు, ల్యాబు

కాలిగోరు నెలకి ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర. కాబట్టి పెళ్ళి నెలలో గోరు బాగుచేయించుకుందామంటే ఎవరి తరమూ కాదు. రంగు వేసి కప్పుకోవడమే.

కానీ పచ్చగా ఉన్న ప్రతి గోరూ జబ్బు గోరు కాదు. మన ఇళ్ళలో శుక్రవారం, పండగరోజు కాళ్ళకి పసుపు రాసుకుంటాం, ఆ రంగు గోరుకి అంటుతుంది. ముదురు రంగు పాలిష్ కూడా మరక చేస్తుంది. ఫైలుతో పైపొర మెల్లగా గీస్తే కింద మామూలు రంగు కనిపిస్తే అది మరకే. గోరు మందమై, పొడిపొడిగా రాలుతూ, కిందనుంచి లేస్తుంటే ఫంగస్ అనుమానించాలి. గోరు ముక్క తీసి, మందు చుక్క వేసి మైక్రోస్కోపు కింద ఫంగస్ కోసం వెతికే కెఓహెచ్ పరీక్ష చేస్తే తెలుస్తుంది. తేలితే డాక్టర్ సాధారణంగా రాసేది టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాములు, కాలిగోళ్ళకి 12 వారాలు, ముందు లివర్ పరీక్ష చేయించి. ఒకటి రెండు గోళ్ళ అంచునే ఉంటే అమోరోల్ఫిన్ లాంటి పూతమందు వారానికి ఒకటి రెండుసార్లు, నెలల తరబడి. మందు పనిచేసినా గోరు పెరిగేదాకా పాతరూపే ఉంటుంది, మధ్యలో మానేసేది అందుకే. గోరులో కొత్తగా నల్లటి గీత వచ్చి వెడల్పవుతుంటే దాన్ని పాలిష్ కింద దాచకండి, చూపించండి.

మడమ కూడా ఫంగస్ వల్ల పగలొచ్చు. ఒక కాలికే ఎక్కువగా ఉండటం, దురద, అరికాలి గీతల్లో పిండి జల్లినట్టు తెల్లగా ఉండటం, ఇవి గుర్తులు. నెల్లాళ్ళు క్రీము శ్రద్ధగా రాసినా ఏమీ మారకపోతే కూడా చర్మం డాక్టర్ దగ్గరకే. రిమ్స్ అని పిలిచే శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో గానీ, నెల్లిమర్ల మిమ్స్ ఆసుపత్రిలో గానీ చర్మవ్యాధుల ఓపీలో ఒకసారి చూపిస్తే, నాలుగు పెడిక్యూర్ల డబ్బు మిగులుతుంది. థైరాయిడ్ తక్కువైనా తోలు ఇలాగే ఎండిపోతుంది, ఆ పరీక్ష కూడా రాస్తారు.

ఆనెకాయకి అంటించే పట్టీల్లో 40 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది. అంటించే ముందు అది ఆనో, పులిపిరో చూసుకోండి. పక్కలనుంచి పిసికితే నొప్పి, మధ్యలో నల్లని చుక్కలు ఉంటే పులిపిరి కావచ్చు. ఆనె అయితే పట్టీకన్నా ముందు ఇరుకు చెప్పు మార్చాలి.

ఈ పోలికలేవీ వర్తించనివాళ్ళు

షుగరు ఉండి పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్ళు వేడినీళ్ళ టబ్బు, ఆనె పట్టీలు, ఫుట్ మాస్క్, రాస్ప్, నాలుగూ మానేయాలి. కాలింది తెలియదు, తెగింది తెలియదు. వాళ్ళకి రోజూ అరికాలు అద్దంలో చూసుకోవడం, వేళ్ళ సందులు వదిలి యూరియా క్రీము రాసుకోవడం చాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ళకి తోలు ఎండిపోయి దురద పెట్టడం మామూలే. సాలిసిలిక్ ఆమ్లం తోలులోంచి రక్తంలోకి వెళ్తుంది కాబట్టి దాన్ని కాళ్ళంతా పూయకూడదు, వాజలిన్ మేలు.

బోదకాలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి పాత చుట్టం. వాపున్న కాలికి పార్లర్ మసాజ్ వద్దు. రోజూ సబ్బుతో మెల్లగా కడిగి, మడతల్లో, వేళ్ళ సందుల్లో బాగా తుడిచి ఆరబెట్టి, చిన్న చీలికనైనా వదలకుండా మందు రాసుకుంటే మాటిమాటికీ వచ్చే జ్వరం, వాపు తగ్గుతాయి. పాదం మీద స్పర్శ తెలియని మచ్చ ఉంటే పీహెచ్‌సీలో చూపించాలి. కుష్ఠుకి మందు అక్కడ ఉచితం.

ఆ పూట ముస్తాబు

ఒక్కరోజే ఉంటే గోరింటాకు లేదా పారాణి. మందమైన తోలు రంగుని ఎక్కువ పీలుస్తుంది, అందుకే మడమలు వేళ్ళకన్నా ఎర్రగా పండుతాయి. పగుళ్ళలోకి దిగిన రంగు నల్లటి గీతల్లా తేలుతుంది. పెట్టేముందు పగుళ్ళ లోపల అగ్గిపుల్లతో కాస్త వాజలిన్ దూర్చితే రంగు లోపలికి దిగదు. పసుపు, సున్నం కలిపిన పాతకాలపు పారాణి చీలిన మడమ మీద మండుతుంది, అలాంటిచోట వదిలేయండి. ఇక నిమిషాల్లో నల్లగా పండే "బ్లాక్ మెహందీ" కోన్లలో జుట్టు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. పడనివాళ్ళకి డిజైను ఎలా ఉంటే అలాగే బొబ్బలు లేస్తాయి. పెరట్లో ఆకు ఉన్న అదృష్టవంతులు రుబ్బుకోండి. అలసిపోయే పని, కానీ ఆషాఢంలో చేసేదేగా.

వైశాఖంలో శ్రీకాకుళంలో మా పిన్ని కూతురి పెళ్ళి ఉంది. గుంట ఇప్పుడే ఫోన్ చేసి ఫుట్ మాస్క్ లింకు పంపింది, "అప్పా, ఇది కొననా?" అని. రెండు నెలలుంది కాబట్టి కొనుక్కోమన్నాను, తేదీ మాత్రం నేను చెబుతానన్నాను. నా కాళ్ళకి పుష్యమాసం నుంచే రాత్రిపూట క్రీము, సాక్సులు నడుస్తున్నాయి. నేను రాసుకుంటుంటే చూసి అమ్మ కూడా మొదలుపెట్టింది. నిన్న స్కూలునుంచి రాగానే గుమ్మంలోనే ఆపింది. "నీ వరి మందు అయిపోనాది. రేపొచ్చినపుడు ఇంకోటి తే, పెద్దది" అంది.